అత్త పరీక్షను నా వేళ్ళు రాశాయి

ముందు మా అత్త నోటి సంగతి చెప్పాలి. అది తెలియకపోతే దవాఖానాలో నేను చేసిన ఘనకార్యం ఎవరికీ అంతుపట్టదు. నాకు రాయడం రాదు. వేలిముద్ర అయితే ఎక్కడ చూపిస్తే అక్కడ వేస్తాను. నేను చెప్తుంటే మా అంగన్‌వాడీ టీచరమ్మ పుస్తకం మాటల్లోకి దిద్ది రాస్తోంది. తిట్లను మాత్రం దిద్దనని ఆమెతో ముందే ఒట్టు వేయించుకున్నాను.

జూలూరుపాడు దాటి అడవి వైపు మళ్ళే దారిలో మా ఊరు. ఇంట్లో ఇద్దరమే. ఆమెకూ మొగుడు లేడు, నాకూ లేడు. నా మొగుడు పామాయిల్ గెలల లోడుతో అశ్వారావుపేట పోతుంటే ట్రాక్టర్ బోల్తా పడింది. ఆ పొద్దున ఒళ్ళు వెచ్చగా ఉందని పడుకున్నవాణ్ణి లేపి పంపింది నేనే. పన్నెండేళ్ళుగా మా అత్త ఆ ఒక్క ముక్కనే నములుతోంది. కొత్తవాళ్ళు ఎవరొచ్చి ఈమె నీకేమవుతుందని అడిగినా, కోడలని చెప్పదు. "నా కొడుకును మింగిన మనిషి" అంటుంది. పోస్టుమాన్‌కు అట్లాగే చెప్పింది. ఓట్లు అడగ వచ్చినవాళ్ళకూ అట్లాగే చెప్పింది. వాళ్ళు దానికీ ఒక దండం పెట్టి పోయారు.

అదంతా ఒక ఎత్తు, నా వంట ఒక ఎత్తు. ముప్పై ఏళ్ళలో ఒక్క పూట నా కూరలో ఉప్పు సరిపోలేదు. ఎక్కువైందని కూడా అనదు, మనిషికి ఒక నియమం ఉంది. తక్కువైందనే అంటుంది.

ఎండాకాలం వస్తే మాకు తునికాకు పని. బీడీలకు పోయే ఆకు అది, ఉండేది కొద్ది రోజులే. యాభై ఆకులు పేర్చి నారతో చుడితే ఒక కట్ట. మా అత్త చేతుల వైపు చూడదు. పక్కవాళ్ళతో మాట్లాడుతూ, మధ్యమధ్య నన్ను తిడుతూ కట్ట కట్టేస్తుంది. విప్పి ఎంచితే యాభై. నలభై తొమ్మిది కాదు, యాభై ఒకటి కాదు. ఆ కట్టలను ఆరబెట్టే చోటును కల్లం అంటాం. అక్కడ ఎంచి రాసుకునే కల్లేదారు వీపు వెనక నిలబడి మేం ఆడవాళ్ళం వేళ్ళతో మాట్లాడుకుంటాం. ఎక్కడ ఎంచడం తప్పాడో, ఎవరి వరుస వదిలేశాడో, ఈ పూట ఆయన పెళ్ళాంతో పోట్లాడి వచ్చాడో లేదో, అన్నీ వేళ్ళతోనే. నోరు తెరిచే పని లేదు.

ఆ కల్లం గట్టు మీదే మా అత్త జారి పడింది. తుంటి ఎముక విరిగింది. లేపడానికి ఉరికివచ్చిన వాళ్ళను "కట్టలు తొక్కకున్రి, కండ్లు లేవా" అని పడుకునే తిట్టింది. అప్పుడే నాకు ధైర్యం వచ్చింది, మనిషి బాగానే ఉందని.

ఖమ్మం దవాఖానాలో చేర్చారు. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేయాలన్నారు. వయసు పెద్దది, ఆపరేషన్ పెద్దది, మత్తు కూడా చూసి చూసి ఇవ్వాలన్నారు. ఎముకల డాక్టరు ఒక నిమిషం చూసి పోయాడు. మత్తు డాక్టరమ్మ మాత్రం స్టూలు వేసుకుని కూర్చుని, ఆయాసం వస్తుందా, చుట్ట తాగుతావా, పళ్ళు ఏమన్నా ఊగుతున్నాయా అని సంబంధం చూడడానికి వచ్చినట్టు అడిగింది.

ఆమె పోయాక ఒక పిల్ల వచ్చింది. చేతిలో అట్ట, అట్ట మీద కాగితాలు. మత్తు డాక్టరమ్మ చేస్తున్న పరిశోధనలో పని చేస్తుందట.

"అమ్మమ్మా, పెద్దవాళ్ళకు పెద్ద ఆపరేషన్ అయినంక కొంతమందికి మనసు చెదిరిపోతది. ఎక్కడున్నరో తెల్వదు, మనుషులను గుర్తుపట్టరు. నడుముల సూది అందరికీ ఇస్తం. దాంతోపాటు నిద్రమందు తేలికగ ఇస్తే మంచిదా, లోతుగ ఇస్తే మంచిదా అని చూస్తున్నం. ఎవరికి ఏదన్నది మేం ఎంచుకోం. మూసిన కవర్ల ఉంటది."

"చిట్టీ తీస్తరా?" అంది అత్త.

"అట్లాంటిదే. రెండూ ఎప్పుడూ ఇచ్చేవే. నీకు ఇష్టం లేకుంటే వద్దను. మధ్యల వద్దన్నా వైద్యం ఏం ఆగది."

మా అత్త నా వైపు తిరిగింది. "ఇన్నవానే? ఇష్టమేనా అని అడుగుతున్నరు. నా పెండ్లికి ఎవడన్న గిట్ల అడిగిండా? తే బిడ్డా, ముద్ర యాడ ఎయ్యాలె?"

ముద్ర పడింది. ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. ఆపరేషన్‌కు ముందు మనసు ఎట్లా ఉందో రాసుకుని, తర్వాత మూడు రోజులు పొద్దునా సాయంత్రం అవే ప్రశ్నలు అడుగుతారట. తేడా వస్తే జల్దీ కనిపెట్టడానికి.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. మా దగ్గరికి ఎవరన్నా అట్ట పట్టుకుని వచ్చి అడిగారంటే, ఎవరిని అడిగారో వాళ్ళు జవాబు చెప్పరు. వాడ మొత్తం చెప్తుంది. నా వయసు ఎంతో పక్కింటామె చెప్తుంది, ఆమెకు ఎన్ని మేకలో నేను చెప్తాను. సొంత పేరు చెప్పబోయినా, "నువ్వాగు, నీకు తెల్వదు" అంటారు. ఒకళ్ళ జవాబు తప్పితే రేషన్‌లోనో పింఛన్‌లోనో పేరు ఎగిరిపోతుందని భయం. పక్కవాళ్ళను ప్రశ్న ముందర ఒంటరిగా వదిలేయడం మాలో మర్యాద కాదు.

కాబట్టి ఆ పిల్ల, "ఇయ్యాల ఏం వారం?" అనగానే నేను, "బుధవారం" అన్నాను.

"అమ్మా, నువ్వు చెప్పొద్దు. ఆమెను చెప్పనియ్."

"ఎవలు చెప్తే ఏంది బిడ్డా? బుధవారం బుధవారమే గద."

"ఈమె నీకు ఏమైతది అమ్మమ్మా?" అని అత్తను అడిగింది.

"నా కొడుకును మింగిన మనిషి."

ఆ పిల్ల పెన్ను ఆగిపోయింది. "కోడలని రాసుకో బిడ్డా, రెండూ ఒకటే" అన్నాను.

ఆవు, చెప్పు, తాళం, ఈ మూడూ గుర్తుపెట్టుకుని కాసేపటికి చెప్పమంది. అత్త చెప్పింది. వారాలను వెనక నుంచి ముందుకు చెప్పమంది. అత్తకు కోపం వచ్చింది. "ముందుకు పోయే దినాలను ఎనకకు నడిపిస్తవా? ఎంత దూరం తీస్కపోతవ్? నా కొడుకున్న దినాల దాక తీస్కపోతవా?" అంది. మళ్ళీ తనే శనివారం నుంచి ఆదివారం దాకా గడగడా చెప్పింది. ఎక్కడా తప్పలేదు. నేను అటు తిరిగి చీర సర్దుకున్నాను.

మరునాడు ఆపరేషన్ గది తలుపు దగ్గర ఆపి పేరు అడిగారు, ఏం ఆపరేషనో అడిగారు, ఏ కాలో అడిగారు. కాలి మీద పెన్నుతో గుర్తు పెట్టి ఉంది, అయినా అడిగారు. లోపలి నుంచి ఇంకొకామె వచ్చి అవే మళ్ళీ అడిగింది. "ఏ కాలో తెల్వకుంటనే కోసుడు పెడ్తున్రా మీరు?" అని మా అత్త. మత్తు డాక్టరమ్మ నవ్వి, "తెలిసినా అడుగుతమమ్మా. తెలుసులే అనుకున్న రోజే తప్పైతది" అంది. ఆ మాట అప్పుడు నా చెవిలో పడింది గానీ తలలోకి పోలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. సాయంత్రానికి వార్డుకు తెచ్చారు. అత్త ఆ పూట మగతగా ఉంది. ఆ పిల్ల అట్టతో రానే వచ్చింది.

"అమ్మమ్మా, ఇయ్యాల ఏం వారం?"

అత్త నోరు తెరిచి పైకప్పు వైపు చూస్తోంది.  తప్పు చెప్తే ఏం చేస్తారో? మళ్ళీ లోపలికి తీసుకుపోతారో, ఇంకో వారం ఉంచుతారో. అక్కడ చూస్తే ఆకు ముదురుతోంది, రోజులు అయిపోతున్నాయి. ఆ పిల్ల స్టూలు మీద కూర్చుని అత్త వైపు తిరిగి ఉంది. నేను ఆమె వీపు వెనక ఉన్నాను. కల్లేదారు వీపు వెనక ఉన్నట్టే.

చేయి లేపి, ఆదివారం నుంచి ఎంచి ఐదు వేళ్ళు చూపించాను. అత్త కళ్ళు పైకప్పు మీద నుంచి నా వేళ్ళ మీదికి వచ్చాయి. "బేస్తారం" అంది.

"కరెక్ట్" అని ఆ పిల్ల రాసుకుంది.

ఇక నన్ను పట్టేదెవరు! ఆవు అంటే తలపై రెండు వేళ్ళ కొమ్ములు. చెప్పు అంటే కాలు చూపడం. తాళం అంటే గాలిలో చేయి తిప్పడం. వారాలు వెనక్కి అంటే ఏడు వేళ్ళు లేపి ఒక్కొక్కటే ముడిచాను. పక్క మంచం ఆమె మొగుడు నన్ను చూసి, ఈమెకు పూనకం వచ్చిందా అనుకుని చేతులు జోడించాడు. మరునాడు పొద్దున, సాయంత్రం, ఆ మరునాడు పొద్దున కూడా అంతే. మా అత్త క్లాసులో ఫస్టు.

ఆ రెండో రోజు నా జీవితంలో బంగారు రోజు. చెప్పడానికి సిగ్గే, అయినా చెప్తాను. మా అత్త తిట్టలేదు. పొద్దున ఇడ్లీ పెడితే తింది. నీళ్ళలాంటి దవాఖానా సాంబారు పోస్తే, "మంచిగున్నది" అంది. నేను గిన్నె కింద పెట్టి చుట్టూ చూశాను, ఎవరితో అంటోందోనని. తల దువ్వుతుంటే నా చేయి పట్టుకుని, "బిడ్డా, నీకు ఎంత కష్టం" అంది.

బిడ్డా! పెళ్ళయి వచ్చిన నాటి నుంచి నేను ఏమే, ఓసే, మొద్దు మొహమా, తర్వాత కొడుకును మింగిన మనిషి. ఈ ముప్పై ఏళ్ళలో బిడ్డను ఎప్పుడూ కాలేదు. మూలకు పోయి కాసేపు ఏడ్చాను. మత్తులో ఇంత మహిమ ఉంటే, పెళ్ళిలో అత్తలందరికీ తలా ఒక సూది ఇప్పించి కాపురం మొదలుపెట్టవచ్చు గదా అనుకున్నాను.

పక్క మంచం ఆమె, "మీ అత్త ఎంత నెమ్మది మనిషి వదినా" అంది. నేను కాదనలేదు. చేతికి వచ్చిన దాన్ని ఎవరు కాదనుకుంటారు?

ఆ సాయంత్రం ఆ పిల్ల కాగితం చివర నన్ను కూడా ఒక ప్రశ్న అడిగింది. "ఇంటోళ్ళను అడగాలె. అమ్మమ్మ ముందు ఎట్లుండెనో గట్లనే ఉన్నదా?"

"ముందుకంటే మంచిగున్నది బిడ్డా" అన్నాను.

అంతకంటే నిజం నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆ పిల్ల సంతోషపడి టిక్కు కొట్టింది. చదువుకున్న మనిషి, చదువుకోని మనిషి, ఇద్దరం కలిసి ముసలిదాన్ని గోతిలోకి నడిపిస్తూ ఒకరికొకరం నవ్వుకున్నాం.

మూడో రోజు మధ్యాహ్నం అన్నం తెచ్చేసరికి అత్త చేతులు దుప్పటి మీద ఆడుతున్నాయి. అంచును చిటికెతో పట్టి మడుస్తోంది, దాని మీద మరో మడత, మళ్ళీ మరొకటి. ఆకులు పేరుస్తోంది. నాకు నవ్వొచ్చింది.

"ఓ అత్తా, దవాఖానాల గూడ కట్టలేనా?"

అత్త పెదవులు కదులుతున్నాయి. వంగి విన్నాను. "ఐదు... ఆరు... ఏడు... ఐదు... ఆరు..." ఏడు దగ్గరికి వస్తుంది, ఆగుతుంది, మళ్ళీ ఐదుకు పోతుంది. మడతలు జారిపోతున్నాయి. కట్ట కావడం లేదు.

నా చేతిలో అన్నం ముద్ద అట్లాగే ఉండిపోయింది. ఈ చేతులకు లెక్క తప్పడం నేను చూడలేదు. కొడుకు శవం ఇంటికి వచ్చిన తెల్లారి కూడా ఈ మనిషి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని కట్టలు కట్టింది. ఆ పొద్దు కట్టినవీ యాభైయే. నేను విప్పి చూశాను.

"అత్తా, నేనెవల్ని?"

నన్ను చూసి నవ్వింది. చాలా మర్యాదగా నవ్వింది. "మంచి బిడ్డవు. మీదే ఊరమ్మా?"

అప్పుడు దిగింది నాకు మత్తు. తిట్టకపోవడం మంచితనం కాదు, మనిషి లోపల లేదు. లోపల లేని మనిషి బదులు రెండు రోజులుగా నేను వేళ్ళతో జవాబులు చెప్తున్నాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి, దాచితే లాభం లేదు. ఒక్క నిమిషం, ఒక్కటే నిమిషం, ఊరుకుందామా అనిపించింది. ఈ నవ్వే మనిషినే ఇంటికి తీసుకుపోతే? తీర్చాల్సిన పంచాయితీ ఉండదు, మింగిన మనిషినని వినే పని ఉండదు. ఆ నిమిషం అయ్యాక గిన్నె అక్కడే పెట్టి ఉరికాను.

ఆ పిల్ల వరండాలో డబ్బా తెరిచి అన్నం తింటోంది.

"బిడ్డా, నీ కాగితాలన్నీ చింపెయ్. జవాబులు మా అత్త చెప్పలే. నేను చెప్పిన."

"నువ్వు పక్కన నిలబడ్డవ్ గాని నోరు తెరవలేదు కదమ్మా?"

"నోరెందుకు తెరుస్త? గిట్ల." ఆవు కొమ్ములు పెట్టి చూపించాను. ఆమె నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. చేయి కడుక్కోకుండానే ఫోన్ తీసింది.

మత్తు డాక్టరమ్మ వచ్చింది. నన్ను కర్టెను అవతలికి పంపింది. అత్తను ఒంటరిగా అడిగింది. ఏం వారం అంటే జవాబు లేదు. ఎక్కడున్నావంటే, "కల్లంల" అంది. మూడు వస్తువుల్లో ఒక్కటీ చెప్పలేదు. వేలికి క్లిప్పు పెట్టారు, రక్తం తీశారు, మూత్రం పంపారు. నేను అవతల కర్టెను అంచు నములుతూ నిలబడ్డాను.

సాయంత్రం డాక్టరమ్మ నన్ను పిలిచింది. గొంతు పెంచలేదు, దానికే భయం వేసింది.

"రక్తంల ఉప్పు బాగ పడిపోయింది. మూత్రంల చీము కూడా ఉన్నది. ప్రశ్నలకు అన్నీ సరిగ్గ చెప్తున్నదని రక్తం రేపు చూద్దామనుకున్నం. రేపటికి ఫిట్స్ వచ్చేవి. మనిషి దక్కునో లేదో."

ఉప్పు తగ్గిందట! ముప్పై ఏళ్ళు ఆ మనిషి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. ఇప్పుడు లాబు వాళ్ళే కాగితం మీద సాక్ష్యం రాసిచ్చారు. నవ్వాలో ఏడవాలో తెలియక డాక్టరమ్మ కాళ్ళ వైపు వంగాను. ఆమె వెనక్కి జరిగింది.

"ఎందుకు చేసినవమ్మా గిట్ల?"

"తప్పు చెప్తే పేరు తీసేస్తరనుకున్న మేడం. మా దిక్కు గంతే."

డాక్టరమ్మ ఆ పిల్ల వైపు తిరిగింది. ఆ పరీక్ష ఎందుకో ఈమెకు చెప్పావా అని అడిగింది. ఆ పిల్ల, అమ్మమ్మకు చెప్పాను మేడం, ఈమెకు చెప్పలేదు అని తల దించింది. ఆ కాగితాల మీద అడ్డంగా గీత కొట్టి, ఎందుకు కొట్టారో పక్కన రాశారు. మా అత్త మొదటిసారి ఫస్టు వచ్చిన పరీక్ష అట్లా రద్దయింది.

"బిడ్డా, నువ్వు నన్ను అడిగినవ్ గద, ముందు లెక్కనే ఉన్నదా అని. నేను ముందుకంటే మంచిగున్నదన్న. మంచిగ అంటే ఎట్ల అని నువ్వు అడగాలె" అన్నాను. తప్పు చేసినదాన్ని నేనే, నీతి చెప్పేదాన్నీ నేనే. అయినా ఆ పిల్ల దాన్ని కాగితం మీద రాసుకుంది.

ఉప్పు ఒక్కసారిగా ఎక్కించకూడదట, చుక్క చుక్కగా ఎక్కించాలట. ఆ రాత్రీ, మరునాడు పగలూ అట్లాగే గడిచాయి. అత్త నన్ను బిడ్డా అంటూనే ఉంది. ఎంత తీయని మాటో అది. అన్నప్పుడల్లా సీసా వైపు చూసేదాన్ని, ఇంకెంత మిగిలిందోనని.

ఐదో రోజు పొద్దున ఆ పిల్ల అట్టతో వచ్చింది. ఎవరూ చెప్పకముందే నేను కర్టెను అవతలికి పోయాను. నా చేతుల మీద నాకు నమ్మకం లేక, రెండింటినీ కలిపి కొంగుతో చుట్టి ముడి వేసుకున్నాను.

"అమ్మమ్మా, ఇయ్యాల ఏం వారం?"

మంచం మీద దుప్పటి కదిలిన చప్పుడే వచ్చింది. కొంగు లోపల నా వేళ్ళు వాటంతట అవే లేవబోయాయి. బిగించి పట్టుకున్నాను.

"నాకేం ఎరుక? పండుకొని పండుకొని దినాలు కలిసిపోయినయ్. సోమారమా?"

సోమవారమే. తర్వాత ఆ పిల్ల, ఆపరేషన్ అయ్యాక ఎప్పుడూ అడగని ప్రశ్న ఒకటి వేసింది.

"నీ ఎంబడి వచ్చినామె ఉన్నది కదా, ఆమె నీకు ఏమైతది?"

ఈసారి ఆలస్యం కాలేదు.

"అదా? నా కొడుకును మింగిన మనిషి."

 ఆ పిల్ల పెన్ను కదిలిన చప్పుడు రాలేదు. పాపం, ఎక్కడ టిక్కు పెట్టాలో తెలియలేదేమో. నాకు ముక్కూ కళ్ళూ ఏకమైపోయాయి, తుడుచుకుందామంటే చేతులు కట్టేసి ఉన్నాయి.

"కరెక్టే బిడ్డా! టిక్కు కొట్టు!" అని కర్టెను అవతల నుంచే అరిచాను.

"ఎవలే ఆ అరిచేది?" అంది మా అత్త. "కర్టెన్ ఎనక నక్కి ఏం ఇంటున్నవ్? ఆకు ముదిరిపోతలేదా అక్కడ? సిగ్గు లేని ముఖం!"

టీచరమ్మా, ఒట్టు వేశావు. అది దిద్దకు.